కెప్టెన్ జేమ్స్ మెకార్తీ రిటైర్ అయ్యాడు: డబ్లిన్ తెలుగువాళ్ళు నాలుగు మాటలు రాసి వెళ్ళండి

హిల్16 తెలుగోడు:
పొద్దున ఆఫీసు కాంటీన్‌లో టీ కలుపుకుంటుంటే పక్కన బాలిమన్ పేటకి చెందిన మా సహోద్యోగి ఫోన్ చూసి "ఓహ్ నో" అన్నాడు. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అని కంగారుపడ్డా. ఫోన్ నా వైపు తిప్పాడు. జేమ్స్ మెకార్తీ ఇక డబ్లిన్ గేలిక్ ఫుట్‌బాల్ జట్టుకి ఆడడట. ఆయన టీ అలాగే చల్లారిపోయింది, నాది కూడా.

నేను వచ్చింది 2014లో. వచ్చిన కొత్తలో క్రికెట్ లేదు, తెలుగు సినిమా నెలకొకటి, వారాంతం గడవడమే కష్టంగా ఉండేది. మా ఇంటి ఓనరు పెద్దాయన ఒక ఆదివారం టికెట్ మిగిలిందని డబ్లిన్‌లోని పెద్ద మైదానం క్రోక్ పార్క్‌కి తీసుకెళ్ళాడు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నీలం చొక్కాలో ఒక పొడుగాటి మనిషి తన సగంలో బంతి పట్టుకుని అవతలి సగం దాకా పరుగెత్తుకుంటూ వెళ్ళడం మాత్రం కళ్ళలో ఉండిపోయింది. తర్వాత పేరు కనుక్కుంటే మెకార్తీ అన్నారు. అప్పట్నుంచి ఆ జట్టు మ్యాచ్ ఒక్కటీ వదల్లేదు.

ఆల్ ఐర్లండ్ అంటే కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మధ్య ఏటా జరిగే చాంపియన్‌షిప్. మగవాళ్ళ ఆటలో ఆ సీనియర్ ఫుట్‌బాల్ పతకాలు 9 ఉన్నవాళ్ళు చరిత్ర మొత్తంలో ముగ్గురే. గోల్‌కీపర్ స్టీఫెన్ క్లక్స్టన్, డిఫెండర్ మిక్ ఫిట్జ్‌సిమన్స్, ఈయన. ఎవరికి గుర్తున్నది వాళ్ళు రాయండి.

బ్లాంచ్ బాబాయి:
మొదట నేనే రాస్తా, వయసులో పెద్దవాణ్ణి కదా. నేనొచ్చింది 2001లో. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి వచ్చే బస్సు కిటికీలోంచి మొదట కనిపించినవి బాలిమన్ టవర్లు. ఏడు పెద్ద బిల్డింగులు, 1916 ఐరిష్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురి పేర్లు పెట్టారు వాటికి. నాకు ఆ సంగతి తెలీదు, మన హౌసింగ్ బోర్డు క్వార్టర్లు గుర్తొచ్చాయంతే. "అటు వెళ్ళకు" అని అందరూ హెచ్చరించేవాళ్ళు. తర్వాత ఒక్కొక్కటే కూల్చేశారు, చివరిది 2015లో పోయింది.

ఆ పేటలో క్లబ్బు బాలిమన్ కిక్‌హమ్స్. కిక్ అని ఉంది కాబట్టి బంతిని తన్నడం గురించి పెట్టిన పేరనుకున్నా చాలాకాలం. తీరా చూస్తే చార్లెస్ కిక్‌హమ్ అని ఒక రచయిత, ఫీనియన్ (ఐరిష్ స్వాతంత్ర్య) ఉద్యమకారుడు. ఆయన పేరట. ఆ ఒక్క క్లబ్బు నుంచే మెకార్తీ, ఫిల్లీ మెక్‌మాన్, డీన్ రాక్, స్మాల్ అన్నదమ్ములు జాన్, ప్యాడీ. పేపర్లో ఆ పేట పేరు నేరాల పేజీలోనే చూసిన మాకు, క్రీడల పేజీలో మొదటి వార్తగా చూడ్డం ఎంత బావుండేదో.

కర్నూలు కుర్రాడు:
నమస్తే అందరికీ. మాస్టర్స్‌కి వచ్చి నాలుగు నెలలే. ఇది సాకరా, రగ్బీయా? క్లాసులో అందరూ దీని గురించే మాట్లాడుతుంటే నవ్వి ఊరుకుంటున్నా. ఇంకోటి, ఈయనకి జీతం ఎంత ఉండేది? 9 సార్లు చాంపియన్ అంటే కోట్లలో సంపాదించి ఉంటాడు కదా?

హిల్16 తెలుగోడు:
తమ్ముడూ, జీతం సున్నా.

కర్నూలు కుర్రాడు:
అన్నా, జోక్ చేస్తున్నారా?

బ్లాంచ్ బాబాయి:
జోక్ కాదురా అబ్బాయ్. జీఏఏ అని 1884లో టిప్పెరరీలో తర్లెస్ అనే ఊళ్ళో ఒక హోటల్లో పుట్టిన సంఘం, ఇప్పటికీ ఔత్సాహికుల ఆటే. దారి ఖర్చులిస్తారు, ప్రభుత్వం నుంచి చిన్న గ్రాంటు ఒకటి వస్తుంది. ఆట ఆడినందుకు డబ్బు ఇవ్వరు. 82 వేలమంది ముందు ఆదివారం ఫైనల్ ఆడినవాడు రెండ్రోజులాగి ఉద్యోగానికి పోవాల్సిందే. టీచర్లు, ఇంజినీర్లు, పోలీసులు, రైతులు. వారంలో నాలుగైదు సాయంత్రాలు ప్రాక్టీసు, జనవరి చలిలో కూడా. కొనడాలు అమ్మడాలు ఉండవు. నువ్వు ఏ పేటవాడివైతే ఆ క్లబ్బు, ఏ కౌంటీవాడివైతే ఆ చొక్కా.

ఆట సంగతి. ఇది సాకరూ కాదు, రగ్బీ కాదు, గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకి 15 మంది. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా పైకి పెరిగి ఉంటాయి. అడ్డబద్ద కింద వలలో వేస్తే గోలు, 3 పాయింట్లు. పైనుంచి పోతే 1. బంతి చేత్తో పట్టొచ్చు, కానీ నాలుగడుగులు దాటితే నేలకి కొట్టాలి, లేదా బూటు కొసతో తన్ని మళ్ళీ చేతికి తెచ్చుకోవాలి. దాన్ని సోలో అంటారు. వరసగా రెండుసార్లు నేలకి కొట్టకూడదు. పక్కవాడికి ఇవ్వాలంటే విసరకూడదు, పిడికిలితోనో అరచేత్తోనో కొట్టాలి. మన ఊళ్ళో వాలీబాల్లో కింద నుంచి సర్వీసు కొడతాం చూడు, అచ్చం అదే.

స్కోరు 1-15 అని రాస్తే 1 గోలు, 15 పాయింట్లు, కలిపి 18. మొదట్లో నేనూ తేదీ అనుకున్నా.

కర్నూలు కుర్రాడు:
బాబాయ్ గారూ, క్లాసులో చెప్పని సంగతులు చెప్పారు. మరి డబ్బు లేకుండా పదిహేనేళ్ళు ఎందుకు ఆడాడు?

లూకన్ లలిత:
దానికి జవాబు మా ఇంటికొస్తే తెలుస్తుంది కుర్రాడా. మా బాబుకి తొమ్మిదేళ్ళు. శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి క్లబ్బు గ్రౌండు. వాన వచ్చినా పోవాల్సిందే, ఇక్కడ రాని రోజేది! నేర్పించేవాళ్ళు ఎవరనుకున్నారు? పక్కవీధిలో ప్లంబరు, మా బడిలో ఒక పాప వాళ్ళ నాన్న. పైసా తీసుకోరు. మొదటి ఏడాది నేను కారులో కూర్చుని హీటర్ వేసుకుని ఫోన్ చూసుకునేదాన్ని. రెండో ఏడాది నారింజపళ్ళు ముక్కలు కోసే పని నాకిచ్చారు. ఇప్పుడు ఆ జట్టు పిల్లల మౌత్‌గార్డులు ఎవరివి ఎవరివో డబ్బా రంగు చూసి చెప్పేస్తా. అవి లేకపోతే మైదానంలోకి దిగనివ్వరు.

వాడు మా అపార్ట్‌మెంట్ వరండాలో సోలో ప్రాక్టీసు చేస్తాడు. బూటు కొసతో తన్నడం, చేతికి తెచ్చుకోవడం, మళ్ళీ తన్నడం. పది తన్నులకొకసారి ఎదురింటి తలుపుకి తగులుతుంది. ఎదురింటి ముసలావిడ తలుపు తీస్తే నా ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ తిట్టలేదు. "ఎడమకాలితో కూడా చెయ్యి బాబూ" అంది!

రిటైరైన సంగతి వాడికి నేనే చెప్పా. కాసేపు ఆలోచించి "అయితే ఇప్పుడు వాళ్ళ క్లబ్బుకి ఆడతాడా?" అని అడిగాడు. పెద్దవాళ్ళం మనం బాధపడుతున్నాం గానీ వాడి లెక్క సరిగ్గా ఉంది. కౌంటీకి మానేసినవాళ్ళు చాలామంది మళ్ళీ పేట జట్టుకే పోతారు కదా.

మేయో డాక్టరు:
కాసల్‌బార్ నుంచి రాస్తున్నా. డబ్లిన్‌వాళ్ళ ఏడుపు చూసి కాస్త ఆనందపడదామని వచ్చా, క్షమించాలి.

కర్నూలు అబ్బాయికి కొంచెం చరిత్ర. మా మేయో చివరిసారి గెలిచింది 1951లో. ఆ ఏడాది కప్పుతో తిరిగొస్తూ ఫాక్స్‌ఫర్డ్‌లో ఒక శవయాత్రకి దారివ్వలేదని, అక్కడి ఫాదర్ శపించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజానిజాలు దేవుడికెరుక, నా పేషెంట్లలో సగం మంది మాత్రం నమ్ముతారు. 2013 ఫైనల్ డబ్లిన్ మీద ఒక్క పాయింటుతో ఓడాం. 2016లో మొదట డ్రా, మళ్ళీ ఆడితే ఒక్క పాయింటుతో ఓడాం. 2017లో ఒక్క పాయింటు. 2020లో ఐదు, అది కొంచెం నయం, ఆశ పెట్టుకోనివ్వలేదు. ఇన్నిట్లోనూ ఆ మెకార్తీ ఉన్నాడు. 2017 మ్యాచ్ అయ్యాక సోమవారం నా క్లినిక్‌కి వచ్చినవాళ్ళ బీపీలు రాసి ఉంచితే ఒక పరిశోధనా పత్రం అయ్యేది.

కాబట్టి నేను వీడ్కోలు పాట పాడను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మావాళ్ళు ముందుకు దూసుకుపోతున్నప్పుడు, ఇక ఇప్పుడు పాయింటు వచ్చేసింది అనుకున్నప్పుడు, ఎక్కణ్ణుంచో ఒక చెయ్యి అడ్డొచ్చేది. అది ఆయనదని స్క్రీను చూడకుండానే చెప్పగలిగేవాళ్ళం. శత్రువుని అంత బాగా గుర్తుపట్టడం ప్రేమలో ఒక రకమేమో.

స్వోర్డ్స్ సుబ్బు:
డాక్టర్ గారూ, కప్పు లేకుండానే మీరు ఇంత బాగా రాస్తున్నారు, కప్పొస్తే ఏం రాస్తారో!

కార్క్ కుమార్:
అందరూ పొగుడుతుంటే అడ్డం వస్తున్నానని తిట్టుకోకండి. డబ్లిన్ గెలుపులు ఊరికే రాలేదు. దేశం జనాభాలో నాలుగో వంతుకి పైగా ఆ ఒక్క కౌంటీలోనే. పిల్లల ఆట అభివృద్ధికని జీఏఏ డబ్బు ఏళ్ళ తరబడి డబ్లిన్‌కే ఎక్కువ పోసింది. పెద్ద మ్యాచ్‌లన్నీ క్రోక్ పార్క్‌లోనే, అంటే వాళ్ళ పెరట్లోనే. లైట్రిమ్ లాంటి చిన్న కౌంటీవాళ్ళు ఏం చేస్తారు పాపం? 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరుసార్లు ఒకే జట్టు గెలిస్తే అది ఆటా? ఇంకోటి, క్లక్స్టన్ కెప్టెన్‌గా ఏడుసార్లు కప్పు ఎత్తాడు. ఈయన ఒక్కసారి. ఈ హడావుడి కొంచెం ఎక్కువ కాదూ?

హిల్16 తెలుగోడు:
డబ్బు మాట నిజమే కుమార్ గారూ. మేం కాదనం. జనాభా మాటా నిజమే. అయితే ఆ డబ్బు పోసిన పిల్లలు ఎదిగేటప్పటికే మెకార్తీ జట్టులో ఉన్నాడు. 2011లో డబ్లిన్ గెలిచింది 1995 తర్వాత మొదటిసారి. అంతకుముందు పదహారేళ్ళు ఇదే జనాభా, ఇదే పెరడు, ఏమైంది మరి? ఆ ఫైనల్లో ఏడెనిమిది నిమిషాలుందనగా అవతలి జట్టు కెర్రీ కౌంటీ 4 పాయింట్ల ముందుంది. కెవిన్ మెక్‌మెనమన్ గోలు కొట్టాడు, చివర్లో గోల్‌కీపర్ క్లక్స్టనే పైదాకా వచ్చి ఫ్రీకిక్ పైనుంచి పంపాడు. 1-12, 1-11. డబ్బుతో ఆ ఒక్క పాయింటు ఎలా కొంటారు?

ఒక్కసారి కెప్టెన్ అన్నారు చూడండి, దాని గురించి రాత్రికి ఇంటికెళ్ళి రాస్తా. ఫోన్లో అంత టైపు చెయ్యలేను.

మోడరేటర్:
కార్క్, డబ్లిన్ వాదన కోసం వేరే థ్రెడ్ ఉంది, 14 పేజీలు దాటింది. అక్కడికి పొండి. ఇక్కడ కెప్టెన్ గురించి మాత్రమే. మేయోవాళ్ళకి మినహాయింపు, వాళ్ళ బాధ వేరు.

తల్లా తాతయ్య:
నాకు 71. పిల్లల దగ్గర ఉంటున్నా. మా వీధిలో నా తోటివాళ్ళతో పార్కులో నడుస్తుంటా. వాళ్ళకి జేమ్స్ కంటే వాళ్ళ నాన్న జాన్ మెకార్తీ ఎక్కువ. డబ్లిన్ 1974, 76, 77లో గెలిచిన జట్టులో ఆయన ఉన్నాడు. కెవిన్ హెఫర్నన్ తయారుచేసిన జట్టు అది. 76 ఫైనల్లో కెర్రీ మీద మూడు గోల్స్ పడితే ఒకటి జాన్ మెకార్తీది. పార్కు బెంచీ మీద కూర్చున్న ఒకాయన ఆ గోలు ఎలా పడిందో నాకు చేతికర్రతో మట్టిలో గీసి చూపించాడు. యాభై ఏళ్ళ కిందటి గోలు!

మనవైపు తండ్రి పేరున్న కొడుకుని "వాళ్ళ నాన్న అంత కాదు" అనడం మామూలే కదా. తండ్రికి 3, కొడుక్కి 9. అయినా ఆ బెంచీ మీద ఇంకా తేలలేదు ఎవరు గొప్ప అని.

లూకన్ లలిత:
తాతయ్య గారూ, మీ బెంచీకి ఓ రోజు మా బాబుని పంపిస్తా.

నర్సు అనిత:
అందరూ అబ్బాయిల గురించే రాస్తున్నారు, నేనొకటి కలుపుతా. 2023లో డబ్లిన్ అమ్మాయిలు కూడా గెలిచారు, వాళ్ళూ కెర్రీ మీదే, రెండు వారాల తేడాలో. కెప్టెన్ కార్లా రో. మా అమ్మాయి గోడ మీద ఉన్న బొమ్మ ఆవిడదే. మెకార్తీ రిటైర్మెంట్ అంటే మా ఇంట్లో "అలాగా" అని అన్నం తినేసింది. వాళ్ళ నాన్న మాత్రం పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు.

నేను ఫైనల్ రోజు నైట్ డ్యూటీ అయి వచ్చి పడుకున్నా. నిద్రలో ఇంట్లో అరుపు. మా ఆయన నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని టీవీకి దణ్ణం పెడుతున్నాడు. తిరుపతిలో కూడా అంత భక్తి చూడలేదు ఆయనలో.

స్వోర్డ్స్ సుబ్బు:
నా పాపం ఒకటి ఒప్పుకుంటా. 2019 ఫైనల్ మొదటిసారి డ్రా అయింది, రెండు వారాలకి మళ్ళీ పెట్టారు. వరసగా ఐదోసారి గెలిస్తే చరిత్ర. 1982లో కెర్రీ ఇదే అంచున ఉంటే ఆఫలీ వాళ్ళు చివర్లో గోలు కొట్టి చెడగొట్టారు, అందుకని ఊరంతా టెన్షన్. ఎలాగో టికెట్ దొరికించుకున్నా. విరామంలో మా మేనల్లుడు చిప్స్ కావాలన్నాడు. క్యూలో నిలబడ్డా. పైనుంచి ఒక్కసారిగా కాంక్రీటు అదిరింది. రెండో సగం మొదలైన 13 సెకన్లకి ఓయిన్ మర్కన్ గోలు. ఐదోసారి గెలుపుకి దారి తీసిన గోలు జరుగుతుంటే నేను వెనిగర్ వెయ్యమంటావా వద్దా అని అడుగుతున్న అమ్మాయికి జవాబు చెబుతున్నా.

మేనల్లుడు ఇప్పటికీ "మామయ్యా, చిప్స్ బావున్నాయా?" అని అడుగుతాడు.

హిల్16 తెలుగోడు:
వచ్చా. పిల్లలు పడుకున్నారు. కుమార్ గారి ప్రశ్నకి జవాబు.

2020 తర్వాత ఏమైందో గుర్తు తెచ్చుకోండి. 2021 సెమీస్‌లో మేయో మన 45 చాంపియన్‌షిప్ మ్యాచ్‌ల అజేయ పరుగు ఆపింది (డాక్టర్ గారూ, నవ్వండి). 2022లో లీగ్‌లో రెండో డివిజన్‌కి పడిపోయాం. అదే ఏడు సెమీస్‌లో కెర్రీ షాన్ ఓషే చివరి క్షణంలో ఎక్కడో దూరం నుంచి గాలికి ఎదురుగా ఫ్రీకిక్ కొట్టి ఒక్క పాయింటుతో ఇంటికి పంపాడు. క్లక్స్టన్ లేడు, పాతవాళ్ళు కొందరు మానేశారు. పేపర్లన్నీ ఈ జట్టు పని అయిపోయిందన్నాయి. ఆ టైములో కెప్టెన్సీ అంటే ముళ్ళకిరీటమే. నిండు కుండ మొయ్యడం వేరు, పగిలిన కుండ అతికించి మొయ్యడం వేరు.

2023 జూలై 30. నేను హిల్ 16 (క్రోక్ పార్క్‌లో ఒక చివర ఉండే మెట్లు) మీద ఉన్నా, ముందు వరస నుంచి పదో మెట్టు. కెర్రీలో డేవిడ్ క్లిఫర్డ్, ఆ రోజుల్లో అతన్ని ఆపగలవాడు లేడు. ఫిట్జ్‌సిమన్స్ అతన్ని నీడలా పట్టుకున్నాడు. క్లక్స్టన్ ఆ వసంతంలోనే తిరిగొచ్చాడు, 41 ఏళ్ళు. మెకార్తీకి 33, మిడ్‌ఫీల్డ్‌లో. మామూలుగా ఆ వయసులో ఆ చోట ఎవరూ ఆడరు, అంత పరుగు ఉంటుంది. రెండో సగంలో కెర్రీ ముందుకెళ్ళింది. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ జపమాల బయటికి తీసింది. చివరికొచ్చేసరికి కెర్రీ కాళ్ళు బరువెక్కాయి, ఈ ముసలాళ్ళ కాళ్ళు మాత్రం ఆగలేదు. 1-15, 1-13.

ఇక అసలు సంగతి. ఇక్కడ కప్పు ఇచ్చే పద్ధతి వేరు. మైదానంలో వేదిక కట్టరు. కెప్టెన్ హోగన్ స్టాండ్ మెట్లెక్కి జనం మధ్యలోకి పోవాలి. హోగన్ అంటే 1920 నవంబర్ 21న ఇదే మైదానంలో బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపినప్పుడు చనిపోయిన టిప్పెరరీ ఆటగాడు మైకేల్ హోగన్. ఆ రోజు ఇక్కడ పోయింది 14 మంది. జలియన్‌వాలా బాగ్ జరిగిన మరుసటేడే. ఆ పేరున్న స్టాండ్ పైకెక్కి, మొదట ఐరిష్ భాషలో ఈ కప్పు అందుకోవడం సంతోషం అని చెప్పి, అప్పుడు ఎత్తాలి.

మెకార్తీ ఎక్కాడు. జీవితంలో కెప్టెన్‌గా మొదటిసారి, ఇంకోసారి వస్తుందన్న నమ్మకం లేని వయసు. ఎవడైనా ఆ ఒక్క ఫొటో తనకోసం ఉంచుకుంటాడు. ఈయన వెనక్కి తిరిగి క్లక్స్టన్‌ని, ఫిట్జ్‌సిమన్స్‌ని రమ్మన్నాడు. ముగ్గురూ కలిసి ఎత్తారు. క్లక్స్టన్‌కి జనం ముందు నిలబడడమంటే పడదని ఊరందరికీ తెలుసు, ఆయన్ని కూడా లాక్కొచ్చాడు.

హిల్ మీద నుంచి నాకు వాళ్ళు అగ్గిపుల్లలంత కనిపించారు. మూడు జతల చేతులు, మధ్యలో వెండి మెరుపు. దూరం నుంచి ఏ చెయ్యి ఎవరిదో తెలీలేదు. కుమార్ గారూ, ఒక్కసారి అన్నారు కదా, ఇదీ ఆ ఒక్కసారి.

కార్క్ కుమార్:
సరే అన్నా. ఆ ఫొటో నేనూ చూశా. హడావుడి మాట వెనక్కి తీసుకుంటున్నా. డబ్బు మాట మాత్రం తీసుకోను!

మ్యూజియం మూర్తి:
చిన్న పిడకల వేట. ఆ కప్పు పేరు శామ్ మాగ్వైర్. ఆయన కార్క్ కౌంటీ డన్మాన్‌వే మనిషి (కుమార్ గారూ, మీవాడే), లండన్‌లో ఉంటూ ఆడాడు, స్వాతంత్ర్య ఉద్యమంలో పనిచేశాడు. 1928లో కప్పు చేయించినప్పుడు అర్డా చాలీస్ అనే పాతకాలపు పూజాపాత్రని నమూనాగా తీసుకున్నారు. ఆ అసలు పాత్ర కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో ఉంది, లోపలికి ఉచితం. రెండు పిడులున్న గిన్నె. చూస్తే మన పెళ్ళిళ్ళలో వెండి గంగాళం చిన్నది చేసినట్టుంటుంది. ఇప్పుడు ఎత్తేది రెండో కప్పు, మొదటిది 1988లోనే విశ్రాంతి తీసుకుంది. పిల్లల్ని తీసుకెళ్ళండి.

టీసీడీ టీనా:
నాకో అనుమానం. ఇన్ని గెలిచినా మెకార్తీకి ఫుట్‌బాలర్ ఆఫ్ ద ఇయర్ ఒక్కసారి కూడా రాలేదు. మన జట్టులోనే ఫెంటన్‌కి రెండుసార్లు, క్లక్స్టన్, జాక్ మెక్‌కాఫ్రీ, మెకాలీ, ఆలన్ బ్రోగన్... వీళ్ళందరికీ వచ్చింది. ఎందుకంటారు?

బ్లాంచ్ బాబాయి:
ఎందుకంటే ఆయన పని కనపడే పని కాదమ్మా. మొదట్లో డిఫెన్స్‌లో హాఫ్ బ్యాక్, తర్వాత మిడ్‌ఫీల్డ్. కోచ్‌కి ఎక్కడ చిల్లు పడితే అక్కడ పెట్టేవాడు. పెళ్ళింట్లో వంటవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, వడ్డించిన మేనమామ పేరు ఫొటోలో కూడా ఉండదు. ఆ మేనమామ ఒక పూట రాకపోతే మాత్రం పంక్తి లేవదు.

మేయో డాక్టరు:
అవార్డు రానివాళ్ళ సంగతి మా దగ్గర చెప్పకండి. మా లీ కీగన్‌కి 2016లో ఆ అవార్డు వచ్చింది, కప్పు మాత్రం ఎప్పటికీ రాలేదు. 2023 మొదట్లో ఆయన మానేసినప్పుడు మా ఆసుపత్రి కాంటీన్ అంతా చావింట్లా ఉంది. మీ మెకార్తీ 9 పతకాలు సంచీలో వేసుకుని వెళ్తున్నాడు. రెండు వీడ్కోళ్ళూ ఒకటేనా?

హిల్16 తెలుగోడు:
కాదు డాక్టర్ గారూ. కీగన్‌ని మేం కూడా లేచి నిలబడి పంపించాం.

నర్సు అనిత:
చివరి మ్యాచ్ ఎవరైనా చూశారా? నాకు ఆ రోజు డ్యూటీ.

లూకన్ లలిత:
మేం ఉన్నాం. 2024 జూన్ చివర్లో, గాల్వేతో క్వార్టర్ ఫైనల్. 0-17, 0-16. చాంపియన్‌షిప్‌లో గాల్వే డబ్లిన్‌ని ఓడించడం 1934 తర్వాత అదే మొదటిసారని వెనకాల ఎవరో గట్టిగా అరిచి చెప్పారు. మా బాబు ఏడుపు ఆపలేదు. ట్రాములో ఎదురుగా గాల్వే మెరూన్ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన తన దగ్గరున్న చాక్లెట్ సగం విరిచి వాడికిచ్చాడు. వాడు తీసుకున్నాడు, థ్యాంక్స్ మాత్రం చెప్పలేదు! ఎంత గిల్లినా నోరు తెరవలేదు.

డబ్లిన్‌కి ఆ ఏడాది అదే చివరిది. తెలిసుంటే ఇంకాసేపు కూర్చునేవాళ్ళం, ట్రాము రద్దీ అని ముందే లేచాం.

తల్లా తాతయ్య:
నిన్నటి నడకలో బెంచీ వాళ్ళని అడిగా, ఇక జట్టు ఏమవుతుందని. 2024 నవంబర్‌లోనే ఫెంటన్ మానేశాడు, 31 ఏళ్ళకే. ఇప్పుడు ఈయన. ఒకాయన "డెబ్బై తొమ్మిది తర్వాత కూడా ఇలాగే అనుకున్నాం, 83లో గెలిచాం" అన్నాడు. ఇంకొకాయన "ఆ తర్వాత పన్నెండేళ్ళు ఏడ్చాం, అది చెప్పవేం" అన్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరికీ మాటలు లేవు.

స్వోర్డ్స్ సుబ్బు:
2025 నుంచి ఆట నియమాలే మారుతున్నాయి. 40 మీటర్ల గీత అవతల నుంచి పైకి కొడితే ఇక 2 పాయింట్లు. నియమాలు మార్చిన కమిటీ పెద్ద ఎవరో తెలుసా? డబ్లిన్‌కి ఐదు వరస కప్పులు తెచ్చిపెట్టిన మన పాత మేనేజర్ జిమ్ గేవిన్. శిష్యులందరూ దిగిపోయే వేళకి గురువు ఆటే మార్చేశాడు.

కర్నూలు కుర్రాడు:
రెండ్రోజులుగా ఈ థ్రెడ్ అంతా మూడుసార్లు చదివా. పాత మ్యాచ్‌ల వీడియోలు కూడా చూశా, అసైన్‌మెంట్ పక్కన పడేసి. 2023 ఫైనల్ అయితే రెండుసార్లు. లీగ్ మొదలవుతోంది కదా, క్రోక్ పార్క్‌లో మొదటి మ్యాచ్‌కి ఎవరైనా వెళ్తుంటే నన్నూ తీసుకెళ్తారా? స్టూడెంట్ టికెట్ ఉంటుందా? కూర్చోడానికి ఏ వైపు బావుంటుంది?

హిల్16 తెలుగోడు:
టికెట్ నేను చూస్తా తమ్ముడూ. కూర్చోడం అనే మాట మర్చిపో. హిల్ 16 మీద కుర్చీలుండవు, నిలబడే చూడాలి.

బ్లాంచ్ బాబాయి:
రెండు జతల మేజోళ్ళు వేసుకుని రా అబ్బాయ్, లోపల ఉన్నివి. గొడుగు తేకు, వెనకవాళ్ళు తిడతారు. పులిహోర మీ పిన్ని చేసిస్తానంది. డాక్టర్ గారూ, మేయో మీద మ్యాచ్ పడితే మీరూ రండి, మీకో పొట్లం కడతాం.

మేయో డాక్టరు:
వస్తా. ఆవ పెట్టిన పులిహోర అయితేనే.